డబ్బా శునకాహారం: ముడిపదార్థాల నాణ్యత, భద్రతల అంచనా

పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, మాంసపు దుకాణంలో మిగిలిన తునకలు తిని పెరిగిన కుక్కల స్థానంలో సంచి ఆహారం, డబ్బా ఆహారం తిని పెరిగే కుక్కలు నగరాలలో, పెద్ద పట్టణాలలో ఇప్పుడు సాధారణమయ్యాయి. దీనితో పశువైద్యశాలలోను, విస్తరణ కేంద్రంలోను ఒక కొత్త ప్రశ్న తరచుగా వినవస్తున్నది. యజమాని డబ్బాను బల్లమీద పెట్టి, "ఇది మంచిదేనా?" అని అడుగుతాడు. ఈ చిన్న ప్రశ్నలో రెండు వేరువేరు ప్రశ్నలు ఉన్నాయి. ఆ ఆహారంలోని మాంసకృత్తులు, కొవ్వు, ఖనిజాలు, విటమినులు కుక్క శరీరానికి ఎంతవరకు ఉపయోగపడతాయన్నది నాణ్యతకు సంబంధించిన ప్రశ్న. దానిలో హాని చేసే పదార్థం ఏదైనా ఉన్నదా అన్నది భద్రతకు సంబంధించిన ప్రశ్న. మొదటి ప్రశ్నకు లేబుల్ సగం జవాబు చెబుతుంది. రెండవ ప్రశ్నకు లేబుల్ దాదాపు ఏ జవాబూ చెప్పదు. గత ఇరవై సంవత్సరాలలో డబ్బా ఆహారం వలన కుక్కలు చనిపోయిన ప్రధాన సంఘటనలలో లేబుల్‌ను ఎంత శ్రద్ధగా చదివినా ప్రమాదం కనిపెట్టడం సాధ్యమయ్యేది కాదు. అందువలన లేబుల్‌ను చదవడం ఎంత అవసరమో, అది ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడం కూడా అంతే అవసరం.

నీటి లెక్క

డబ్బా ఆహారంలో అత్యధిక భాగం నీరు. సాధారణంగా తేమ 75 నుండి 82 శాతం వరకు ఉంటుంది. అమెరికా దాణా నియంత్రణాధికారుల సంఘం (ఆఫ్కో) నమూనా నిబంధనల ప్రకారం తేమ 78 శాతానికి మించరాదు. అయితే గ్రేవీ, స్ట్యూ, సాస్ వంటి పేర్లతో అమ్మే రకాలకు ఈ పరిమితి నుండి మినహాయింపు ఉన్నది. సంచి ఆహారంలో తేమ 10 శాతం దగ్గర ఉంటుంది. కాబట్టి డబ్బాపై "ముడి మాంసకృత్తులు కనీసం 8 శాతం" అని, సంచిపై "కనీసం 24 శాతం" అని చూసి, సంచి ఆహారం మూడు రెట్లు మేలైనదని యజమాని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. విద్యార్థులు కూడా పరీక్ష హాలులో తప్ప బయట ఈ పొరపాటు చేస్తూనే ఉంటారు.

పోలిక ఎప్పుడూ శుష్క పదార్థం ఆధారంగా జరగాలి. 78 శాతం తేమ ఉన్న డబ్బాలో శుష్క పదార్థం 22 శాతం. 8ని 22తో భాగించి 100తో గుణిస్తే 36.4 శాతం మాంసకృత్తులు వస్తాయి. సంచిలో 24ను 90తో భాగిస్తే వచ్చేది 26.7 శాతమే. పెద్ద కుక్కల పోషణకు శుష్క పదార్థంలో కనీసం 18 శాతం, పెరిగే పిల్లలకు, చూడి, పాలిచ్చే కుక్కలకు కనీసం 22.5 శాతం మాంసకృత్తులు ఉండాలన్నది ఆఫ్కో ప్రమాణం. కొవ్వు విషయంలో ఈ కనీస పరిమితులు వరుసగా 5.5, 8.5 శాతం.

తేమలో కొద్దిపాటి తేడా కూడా చిన్నది కాదు. 78 శాతం తేమ ఉన్న డబ్బాకు, 82 శాతం ఉన్న డబ్బాకు మధ్య తేడా నాలుగు అంకెలే. కాని శుష్క పదార్థం 22 నుండి 18కి, అనగా సుమారు 18 శాతం తగ్గింది. ఒకే ధరకు కొన్న రెండు డబ్బాలలో ఒకటి దాదాపు ఐదవ వంతు తక్కువ ఆహారాన్ని ఇస్తున్నదన్నమాట.

శక్తి లెక్క చేస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. పైన చెప్పిన డబ్బాలో కొవ్వు 5, పీచు 1, బూడిద 2.5 శాతం అనుకుంటే, మిగిలే పిండిపదార్థాలు 5.5 శాతం. మాంసకృత్తులకు, పిండిపదార్థాలకు గ్రాముకు 3.5, కొవ్వుకు 8.5 కిలో కేలరీల చొప్పున లెక్కిస్తే 100 గ్రాముల ఆహారంలో సుమారు 90 కిలో కేలరీలు లభిస్తాయి. ఇంట్లో ఉండే 10 కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 630 కిలో కేలరీలు కావాలి (శరీర బరువు 0.75 ఘాతాన్ని 70తోను, తిరిగి 1.6తోను గుణించగా వచ్చినది). అంటే డబ్బా ఆహారమే పూర్తి ఆహారమైతే రోజుకు 700 గ్రాములు, 400 గ్రాముల డబ్బాలు దాదాపు రెండు పెట్టవలసి ఉంటుంది. ఈ ఖర్చు విన్న తరువాత చాలామంది యజమానులు ఒక డబ్బాను అన్నంలో కలిపి సరిపెడతారు. అప్పుడు డబ్బాపై ఉన్న "సంపూర్ణ, సమతుల్య" అన్న మాటకు అర్థం ఉండదు. సలహా ఇచ్చేవారు డబ్బా నాణ్యతను నిర్ణయించే ముందు అది ఏ రూపంలో, ఎంత మోతాదులో పెడుతున్నారో అడగాలి. లేబుల్‌పై ఉన్నవి కనిష్ఠ, గరిష్ఠ హామీలే గాని అసలు విలువలు కావు కనుక ఈ లెక్కలన్నీ ఉజ్జాయింపుగానే గ్రహించాలి.

పేరులో ఎంత, పదార్థాల వరుసలో ఎంత

దిగుమతి అయిన డబ్బాలపై ఆంగ్లంలో ఉండే పేర్లకు నిర్దిష్టమైన అర్థాలు ఉన్నాయి. ఆఫ్కో నియమాలను అనుసరించే డబ్బాపై "డాగ్ ఫుడ్" అన్న మాటకు ముందు "చికెన్" అన్న మాట ఒక్కటే ఉంటే, కలిపిన నీటిని మినహాయించి 95 శాతం కోడిమాంసం ఉండాలి. "చికెన్ డిన్నర్", "చికెన్ ప్లాటర్" వంటి పేరైతే 25 శాతం చాలు. "విత్ చికెన్" అన్నప్పుడు 3 శాతం సరిపోతుంది. "చికెన్ ఫ్లేవర్" అయితే ఆ రుచి కనిపెట్టదగినంత ఉంటే చాలు, పరిమాణం లెక్కలేదు. బొమ్మలో మాత్రం నాలుగు డబ్బాల మీదా ఒకే కోడి ఉంటుంది.

ముడిపదార్థాల పట్టికను బరువు వరుసలో రాయడం ఆనవాయితీ. ఆ బరువు కలిపే సమయంలోని బరువు. అందులో పదార్థంలోని నీరు కూడా చేరి ఉంటుంది. పచ్చి కోడిమాంసంలో సుమారు 70 శాతం నీరు ఉంటుంది. ఉదాహరణకు ఒక మిశ్రమంలో కోడిమాంసం 20 పాళ్ళు, గోధుమ గ్లూటెన్ 5 పాళ్ళు, సోయా పిండి 4 పాళ్ళు ఉన్నాయనుకుందాం. పట్టికలో కోడిమాంసమే మొదట నిలుస్తుంది. నీరు తీసివేసి చూస్తే కోడిమాంసం 6 పాళ్ళు, గ్లూటెన్, సోయా కలిసి 8 పాళ్ళకు పైగా ఉంటాయి. గ్లూటెన్‌లో మాంసకృత్తులు సుమారు 75 శాతం కాబట్టి, 5 పాళ్ళ గ్లూటెన్ ఇచ్చే మాంసకృత్తులు 20 పాళ్ళ కోడిమాంసం ఇచ్చేవాటితో సమానమవుతాయి. ఒకే ధాన్యాన్ని బియ్యం, నూకలు, బియ్యపు పిండి అని మూడుగా విడదీసి రాస్తే ఒక్కొక్కటీ పట్టికలో కిందికి జారిపోతుంది. దీనిలో చట్టవిరుద్ధం ఏదీ లేదు. చదివేవారు కూడి చూడాలి, అంతే.

"మాంస ఉప ఉత్పత్తులు" అన్న మాట చూడగానే ఆహారం నాసిరకమని తీర్పు చెప్పడం శాస్త్రీయం కాదు. కాలేయం, మూత్రపిండం, ఊపిరితిత్తులు, ప్లీహం ఈ కోవలోకే వస్తాయి. వెంట్రుకలు, కొమ్ములు, పళ్ళు, గిట్టలు ఆఫ్కో నిర్వచనం ప్రకారం రావు. కాలేయం పోషకపరంగా కండకంటె మేలైనది, పరిమితి దాటితే విటమిన్ ఎ, రాగి అధికమవుతాయి. అసలు చూడవలసినది సంధాయక కణజాలం ఎంత ఉన్నదన్నది. స్నాయువులు, చర్మంలో ప్రధానంగా ఉండే కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర ఎమైనో ఆమ్లం లేదు. కొల్లాజెన్ ఎక్కువైన డబ్బా కాగితంపై మంచి మాంసకృత్తుల శాతాన్ని చూపుతూనే కుక్కకు తక్కువ మేలు చేస్తుంది. ప్రయోగశాలలో హైడ్రాక్సీప్రోలిన్‌ను కొలిచి ఈ సంగతి తెలుసుకోవచ్చు. పట్టికలో "మాంసం" అని జంతువు పేరు లేకుండా రాసిన దానికంటె "కోడి కాలేయం", "గొర్రె ఊపిరితిత్తులు" అని పేరు చెప్పి రాసిన దానిని నమ్మడం మేలు. ఏ జంతువు, ఏ భాగం అన్నది చెప్పగలిగిన తయారీదారునికి తన ముడిపదార్థం ఎక్కడ నుండి వచ్చిందో తెలిసి ఉండే అవకాశం ఎక్కువ.

"ధాన్య రహితం" అన్న మాట మేలిమికి గుర్తు కాదు. ధాన్యం బదులు బఠాణీ, పప్పుధాన్యాలు, బంగాళాదుంప అధికంగా కలిపిన ఆహారాలకు, కుక్కలలో గుండె కండర వ్యాకోచ వ్యాధికి గల సంబంధాన్ని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018 నుండి పరిశీలించింది. కార్యకారణ సంబంధం రుజువు కాలేదు.

లేబుల్‌పై అన్నింటికంటె విలువైన వాక్యం తరచుగా అతి చిన్న అక్షరాలలో ఉంటుంది. అది పోషక సమర్థతా ప్రకటన. ఆహారాన్ని ప్రమాణాల ప్రకారం కాగితంపై రూపొందించారా, లేక కుక్కలకు పెట్టి చూశారా అన్నది అందులో తెలుస్తుంది. పెద్ద కుక్కలకు సంబంధించిన ఆఫ్కో పరీక్షలో కనీసం 8 కుక్కలకు 26 వారాలు ఆ ఆహారమే పెట్టి, బరువును, రక్తంలోని హీమోగ్లోబిన్, ఆల్బుమిన్ వంటి సూచికలను పరిశీలిస్తారు. ఇది గొప్ప పరీక్ష కాదు. కాని ఏ పరీక్షా లేకపోవడం కంటె మెరుగు. "అప్పుడప్పుడు లేదా అదనంగా పెట్టుటకు మాత్రమే" అని ఉంటే అది పూర్తి ఆహారం కాదు. అన్నంతో కలిపి రోజూ పెట్టే కుక్కపిల్లకు కాల్షియం, భాస్వరం లోపాలు రావడానికి ఇటువంటి డబ్బాలు కారణం కావచ్చు.

నత్రజని చెప్పిన అబద్ధం

ముడి మాంసకృత్తుల శాతం నిజానికి మాంసకృత్తులను కొలిచి రాసినది కాదు. కెల్డాల్ పద్ధతిలో మొత్తం నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. నత్రజని ఎక్కడ నుండి వచ్చినా ఈ పద్ధతికి ఒకటే. చేపపొడిలో యూరియా కల్తీని గుర్తించిన పశుదాణా ప్రయోగశాలలకు ఈ లోపం కొత్తది కాదు. కాని ఆ లోపం ఎంత దూరం పోగలదో ప్రపంచానికి తెలిసినది 2007లో.

కెనడాకు చెందిన మెనూ ఫుడ్స్ అనేక వాణిజ్య నామాలకు డబ్బా ఆహారాన్ని తయారుచేసి ఇచ్చే సంస్థ. 2007 మార్చి 16న ఆ సంస్థ 6 కోట్లకు పైగా డబ్బాలను, పొట్లాలను మార్కెట్ నుండి వెనక్కు తీసుకున్నది. కుక్కలలో, పిల్లులలో మూత్రపిండాలు అకస్మాత్తుగా విఫలమవుతున్నట్లు ఫిర్యాదులు వచ్చాయి. సంస్థ నడిపిన రుచి పరీక్షలోనే కొన్ని జంతువులు చనిపోయాయి. మొదట ఎలుకల మందును అనుమానించారు. చివరకు దోషి గోధుమ గ్లూటెన్‌గా తేలింది. గ్రేవీలో తేలే మాంసపు ముక్కలుగా కనిపించేవి చాలా రకాలలో నిజమైన ముక్కలు కావు. మెత్తగా నూరిన మాంసాన్ని గ్లూటెన్‌తో గట్టిపరచి ముక్కలుగా కోస్తారు. గ్రేవీని చిక్కబరచడానికీ గ్లూటెన్ వాడతారు. చైనా నుండి దిగుమతి అయిన ఆ సరుకు అసలు గ్లూటెన్ కాదని, మెలమైన్ కలిపిన గోధుమపిండి అని అమెరికా అధికారులు తేల్చారు.

మెలమైన్ ప్లాస్టిక్ పరిశ్రమలో వాడే రసాయనం. దాని బరువులో మూడింట రెండు వంతులు నత్రజని. 6.25తో గుణిస్తే కాగితంపై 416 శాతం మాంసకృత్తులు కనబడతాయి. 12 శాతం మాంసకృత్తులున్న పిండిలో 1 శాతం మెలమైన్ కలిపితే విశ్లేషణలో 16 శాతం కనబడుతుంది. కొనుగోలుదారు మాంసకృత్తుల శాతాన్ని బట్టి ధర చెల్లిస్తున్నప్పుడు, ఆ శాతాన్ని నత్రజనిని బట్టి నిర్ణయిస్తున్నప్పుడు, ఈ మోసానికి దారి విశ్లేషణ పద్ధతే చూపింది.

మెలమైన్ ఒక్కటే అయితే విషప్రభావం తక్కువ. దానితోపాటు ఉన్న సయన్యూరిక్ ఆమ్లంతో కలిసినప్పుడు మూత్రనాళికలలో కరగని స్ఫటికాలు ఏర్పడి మూత్రపిండాలు మూసుకుపోయాయి. 2004లో ఆసియా దేశాలలో పెంపుడు జంతువులకు వచ్చిన ఇదే రకం మూత్రపిండ వ్యాధికి కారణం కూడా ఇదేనని తరువాత భద్రపరచిన కణజాలాలను పరీక్షించి గుర్తించారు. మూడు సంవత్సరాల ముందే వచ్చిన హెచ్చరికను అప్పట్లో ఎవరూ చదవలేకపోయారు. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో అదే మెలమైన్ బయటపడింది. పెంపుడు జంతువుల ఆహారంలో జరిగినది మనుషుల ఆహారానికి ఎందుకు పట్టించుకోదగిన విషయమో ఈ వరుస చూస్తే తెలుస్తుంది.

కెల్డాల్‌ను వదిలివేయడం దీనికి పరిష్కారం కాదు, దానికి తోడుగా మరొక కొలత ఉండాలి. నమూనాను ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంతో కలిపితే నిజమైన మాంసకృత్తులు అడుగుకు చేరతాయి. మెలమైన్, యూరియా వంటివి ద్రావణంలో మిగులుతాయి. అడుగున చేరిన దానిలో నత్రజనిని విడిగా కొలిచి మొత్తంతో పోల్చితే పెద్ద తేడా అనుమానానికి తావిస్తుంది. సాధారణ సౌకర్యాలున్న కళాశాల ప్రయోగశాలలో కూడా ఇది సాధ్యమే. ఏ పదార్థం కలిసిందో నిర్ధారించడానికి ద్రవ వర్ణలేఖనం, ద్రవ్యరాశి వర్ణపటమాపకం కావాలి.

వేడి చేయగలిగినది, చేయలేనిది

డబ్బా ఆహారం పి.హెచ్. 4.6 కంటె ఎక్కువ, నీటి లభ్యత ఎక్కువ, గాలి లేదు. క్లాస్ట్రీడియం బోట్యులినం అనే సూక్ష్మజీవికి ఇంతకంటె అనువైన చోటు లేదు. అందువలన మూసిన డబ్బాను రిటార్ట్ అనే పీడన పాత్రలో వేడిచేస్తారు. డబ్బాలో అన్నింటికంటె నెమ్మదిగా వేడెక్కే బిందువు వద్ద కనీసం 121 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 నిమిషాలకు సమానమైన వేడి అందాలి. ఈ వేడికి ఆ సూక్ష్మజీవి సిద్ధబీజాల సంఖ్య లక్షకోట్ల వంతుకు తగ్గుతుంది. ముక్కలు, గ్రేవీ ఉన్న డబ్బాలో ద్రవం కదులుతూ వేడిని మోస్తుంది. ముద్దగా గట్టిగా నింపిన డబ్బాలో వేడి అంచు నుండి నడిమికి మెల్లగా పాకాలి. కాబట్టి 400 గ్రాముల డబ్బాకు నిర్ణయించిన సమయాన్ని 800 గ్రాముల ముద్ద డబ్బాకు వాడరాదు. చిన్న తయారీదారులు వంటకాన్ని మార్చి, వేడి సమయాన్ని మార్చకపోవడం ఈ రంగంలో అసలైన ప్రమాదాలలో ఒకటి.

ఇదే వేడి థయామిన్‌లో ఎక్కువ భాగాన్ని నశింపజేస్తుంది. తయారీదారు ముందుగానే అధికంగా కలపాలి, వేడి చేసిన తరువాత మళ్ళీ కొలవాలి. కలిపిన మోతాదు లెక్క చూపితే చాలదు. పిండిపదార్థంలోని చక్కెరలు వేడిలో లైసిన్‌తో కలిసిపోయి దానిని జీర్ణానికి అందకుండా చేయడం కూడా తెలిసిన విషయమే.

వేడి సూక్ష్మజీవులను చంపుతుంది, రసాయనాలను తొలగించలేదు. మెలమైన్ రిటార్ట్‌లో నశించలేదు. మొక్కజొన్న, వేరుశనగ పిండిలోని అఫ్లాటాక్సిన్ పూర్తిగా నశించదు. జంతువులకు సుఖమరణం కలిగించడానికి వాడే పెంటోబార్బిటాల్ కూడా ఈ వేడిని తట్టుకుంటుంది. 2017 ఫిబ్రవరిలో ఎవాంజర్స్ అనే అమెరికా సంస్థ తన గొడ్డుమాంసపు డబ్బాలను వెనక్కు తీసుకోవడానికి కారణం అదే. ఒకే ఇంటిలోని కుక్కలు ఆ ఆహారం తిని అస్వస్థత పొందగా వాటిలో ఒకటి మరణించింది. ఆ మందు డబ్బాలోకి వచ్చిందంటే, ఇంజెక్షన్‌తో చంపిన పశువు కళేబరం మాంసం గొలుసులోకి చేరిందన్నమాట. కళేబరంలోని మందు అవశేషం ఎంత దూరం పోతుందో డైక్లోఫెనాక్ వలన రాబందులు అంతరించిపోయే దశకు చేరిన మన దేశానికి వేరుగా చెప్పనక్కరలేదు. పెద్ద పశువుకు బార్బిటురేటు ఇచ్చి ప్రాణం తీసిన పశువైద్యుడు కళేబరాన్ని లోతుగా పూడ్పించే వరకు తన పని పూర్తి కాలేదని భావించాలి.

మరొక సంఘటనలో విషం బయటి పదార్థం కాదు, పోషకమే. 2019 జనవరి 31న హిల్స్ సంస్థ కొన్ని రకాల డబ్బా శునకాహారాన్ని వెనక్కు తీసుకున్నది. తరువాతి నెలలలో ఆ జాబితా పెరిగింది. సరఫరాదారు ఇచ్చిన విటమిన్ మిశ్రమంలో విటమిన్ డి అధికంగా ఉండడం కారణం. శుష్క పదార్థం కిలోకు 3000 అంతర్జాతీయ యూనిట్లు గరిష్ఠ పరిమితి కాగా, ఒక నమూనాలో దానికి 30 రెట్లకు మించి కనబడింది. వాంతులు, దప్పిక, అధిక మూత్రం, బరువు తగ్గడం, చివరకు మూత్రపిండ వైఫల్యం దాని లక్షణాలు. వీటిలో కొన్ని పశువైద్యుల సిఫారసుతో అమ్మే ప్రత్యేక ఆహారాలు. ప్రతిష్ఠ గల పేరు, అధిక ధర, వైద్యుని సిఫారసు అన్నీ ఉన్నా, ఒక సంచి విటమిన్ మిశ్రమాన్ని వాడకముందు పరీక్షించకపోతే ఏమి జరుగుతుందో ఈ ఉదంతం చూపింది. కాబట్టి తయారీదారును అడగవలసిన ప్రశ్న "ఏమి కలుపుతారు?" అన్నదానితో ఆగరాదు. వచ్చిన ప్రతి సరుకును ఏ పరీక్ష తరువాత గిడ్డంగి నుండి విడుదల చేస్తారు, సరఫరాదారు పత్రాన్ని మాత్రమే చూస్తారా, తయారైన డబ్బాలను అమ్మకానికి వదిలే ముందు ఎన్ని రోజులు నిలిపి చూస్తారు అన్నవి అంతకంటె ముఖ్యం. జవాబు ఇవ్వని సంస్థ కూడా ఒక జవాబు ఇచ్చినట్లే.

డబ్బా పరిశీలన

డబ్బా చేతికి రాగానే మూత, అడుగు, పక్క కుట్టు చూడాలి. మధ్య భాగంలో పడిన చిన్న సొట్టతో హాని తక్కువ. మూత కలిసే అతుకు మీద పడిన సొట్ట ప్రమాదకరం. అక్కడ కంటికి కనబడని సందు నుండి సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. తుడిస్తే పోయే తుప్పు ఫరవాలేదు, గుంట పడిన తుప్పు పనికిరాదు. ఉబ్బిన డబ్బాను, వేలితో నొక్కితే లోపలికి పోయి తిరిగి లేచే డబ్బాను, తెరవగానే చిమ్మే డబ్బాను వాసన చూసి నిర్ణయించే ప్రయత్నం చేయరాదు. బోట్యులినం విషానికి కుక్క మనిషికంటె కొంత తట్టుకోగలిగినా, డబ్బా తెరిచే మనిషి తట్టుకోలేడు.

తెలుగు రాష్ట్రాలలో ఎండాకాలం దీనికి మరొక చిక్కును చేరుస్తుంది. రిటార్ట్ ప్రక్రియ అన్ని సిద్ధబీజాలనూ చంపదు. అధిక ఉష్ణోగ్రతలో మాత్రమే పెరిగే కొన్ని బ్యాక్టీరియా సిద్ధబీజాలు బతికి ఉంటాయి. చల్లని దేశాల గిడ్డంగులలో అవి నిద్రాణంగానే ఉండిపోతాయి. రేకుల కప్పు ఉన్న గోదాములో, మే నెలలో ఎండలో నిలిచిన లారీలో వాటికి కావలసిన వేడి దొరుకుతుంది. వీటిలో కొన్ని వాయువు పుట్టించకుండా పులుపు మాత్రమే పుట్టిస్తాయి కనుక డబ్బా ఉబ్బదు. అందుచేత పరీక్షకు తెచ్చిన డబ్బాలను 37 డిగ్రీల వద్ద రెండు వారాలు, మరికొన్నింటిని 55 డిగ్రీల వద్ద వారం రోజులు నిలిపి, తరువాత పి.హెచ్. కొలవాలి. దిగుమతి సరుకుకు ఈ రెండవ పరీక్ష మరీ అవసరం. తెరిచిన తరువాత మిగిలిన ఆహారాన్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజులలో వాడాలి. గిన్నెలో పెట్టినది కుక్క తినకపోతే వేసవిలో గంటలోపు తీసివేయడం మంచిది.

విద్యార్థులకు ఉపయోగపడే ఒక సులభమైన అభ్యాసం ఉన్నది. ఒకే బ్యాచ్‌కు చెందిన మూడు డబ్బాలను తెరిచి, జల్లెడ మీద పోసి, ద్రవం కారిన తరువాత గట్టి భాగాన్ని తూచాలి. ముక్కలు, కూరగాయలు, ఎముక తునకలు, కొవ్వు వేరుచేసి విడివిడిగా తూచాలి. మూడు డబ్బాల మధ్య తేడా ఎక్కువగా ఉంటే నింపే యంత్రంపై అదుపు లేదని అర్థం. వెంట్రుక, ప్లాస్టిక్ ముక్క, ఈక మొదలు దొరికితే అవి కూడా నమోదు చేయాలి. ఒక డబ్బా భాగాన్ని 105 డిగ్రీల వద్ద ఎండబెట్టి తేమను లేబుల్‌తో పోల్చాలి. ఏ జంతువు మాంసమో తెలుసుకోవడానికి డి.ఎన్.ఏ. పరీక్ష ఉన్నది, రిటార్ట్ వేడికి డి.ఎన్.ఏ. తునకలైపోతుంది కనుక మైటోకాండ్రియాకు చెందిన చిన్న భాగాలనే ఎంచుకోవాలి. మాంస జాతి నిర్ధారణలో హైదరాబాదు సమీపంలోని చెంగిచెర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధనా సంస్థకు మంచి అనుభవం ఉన్నది.

డబ్బా లోపలి పూత కూడా ఆహారాన్ని తాకే పదార్థమే. మిస్సోరి విశ్వవిద్యాలయం 14 కుక్కలపై జరిపిన అధ్యయనంలో రెండు వారాలు డబ్బా ఆహారం పెట్టిన తరువాత రక్తంలో బిస్ఫినాల్ ఎ దాదాపు మూడు రెట్లు పెరిగింది. ఆ రసాయనం లేదనుకున్న డబ్బా ఆహారంలోను అది కనబడింది. దీనివలన కుక్కలకు కలిగే హాని ఎంత అన్నది తేలలేదు. డబ్బాలోనే ఆహారాన్ని వేడిచేసి పెట్టే అలవాటును మాన్పించడానికి మాత్రం ఇది చాలిన కారణం.

మన దేశంలో పరిస్థితి

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 "ఆహారం" అన్న మాట నిర్వచనం నుండి పశుదాణాను మినహాయించింది. అందుచేత మనుషుల డబ్బా ఆహారానికి ఉన్న లైసెన్సు, తనిఖీ, నమూనా సేకరణ శునకాహారానికి అదే రీతిలో వర్తించవు. కుక్కలు, పిల్లుల ఆహారానికి భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 11968 అనే ప్రమాణాన్ని రూపొందించింది. లేబుల్‌పై ఆ గుర్తు ఉన్నదా లేదా అన్నది చూడవలసిన అంశం. దిగుమతికి కేంద్ర పశుసంవర్ధక, పాడిపరిశ్రమ శాఖ నుండి పారిశుద్ధ్య దిగుమతి అనుమతి పత్రం కావాలి. దాని ప్రధాన లక్ష్యం పశువ్యాధులను అడ్డుకోవడం, విటమిన్ మోతాదులను లెక్కించడం కాదు. ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం నికర బరువు, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, వినియోగదారుల ఫిర్యాదు వివరాలు డబ్బాపై ఉండాలి. దిగుమతిదారు పేరు అంటించిన చీటీ లేని డబ్బా ఏ దారిన వచ్చిందో ఎవరూ చెప్పలేరు. దానిని ఎంత తక్కువ ధరకు ఇచ్చినా కొనవద్దని చెప్పాలి.

ఆహారం మీద అనుమానం కలిగినప్పుడు

ఇంతటి పరిమితుల మధ్య పశువైద్యుడు ముందుగా గుర్తించడమే బలమైన రక్షణ. ఒకే ఇంటిలో లేదా ఒకే వీధిలో రెండు మూడు కుక్కలకు ఒకేసారి వాంతులు, మందకొడితనం, మూత్రపిండ వైఫల్య సూచికలు కనిపిస్తే ఎలుకజ్వరంతోపాటు ఆహారాన్ని కూడా అనుమానించాలి. మొదట ఆ ఆహారాన్ని ఆపాలి. ఖాళీ డబ్బాను పారవేయకుండా బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ఉన్న భాగాన్ని ఫోటో తీయాలి. ఆ సంఖ్య లేకపోతే మిగతా సాక్ష్యమంతా ఉన్నా ఏ సరుకును ఆపాలో తెలియదు. మిగిలిన ఆహారాన్ని శుభ్రమైన సీసాలో గడ్డకట్టించి, అదే బ్యాచ్‌కు చెందిన తెరవని డబ్బాలను విడిగా భద్రపరచాలి. తెరిచిన డబ్బా నుండి వచ్చిన ఫలితాన్ని తయారీదారు సులభంగా తోసిపుచ్చగలడు, తెరవనిదానిని తోసిపుచ్చలేడు. మూత్రం అడుగున చేరిన మడ్డిని సూక్ష్మదర్శిని కింద చూడాలి. మెలమైన్ స్ఫటికాలు గుండ్రంగా, గోధుమ వన్నెలో కనిపిస్తాయి. రక్తంలో కాల్షియం అధికంగా ఉంటే విటమిన్ డి వైపు చూడాలి. కుక్క చనిపోతే యజమానిని ఒప్పించి శవపరీక్ష చేయాలి. మూత్రపిండం, కాలేయం ఒక్కొక్కటి రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని ఫార్మలిన్‌లోను, మరొక భాగాన్ని ఏ రసాయనమూ లేకుండా గడ్డకట్టించి ఉంచాలి. 2004 నాటి కణజాలాలను ఎవరో భద్రపరచి ఉంచినందువల్లనే మూడు సంవత్సరాల తరువాత కారణం తెలిసింది.